బయటివాళ్ళు రాలేరన్నాను

ఆరేళ్ళయింది. ఒక్క మాట. నాలుగక్షరాలు. "రాలేరండి." ఆ మాట అన్న నోటితోనే ఈ ఆరేళ్ళూ అన్నం తిన్నాను, పిల్లల్ని ముద్దు పెట్టుకున్నాను, నమ్మకస్తుడని నలుగురూ అంటుంటే తల వంచుకుని వినయంగా నవ్వాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇది ధైర్యం అని మాత్రం అనుకోకండి. ధైర్యమే ఉంటే ఈ కాగితం కింద నా పేరుండేది.

మాది నందిగామ. మెయిన్ రోడ్డులో మందుల షాపు పైన రెండు గదులు అద్దెకి తీసుకుని వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. స్కూళ్ళకి, కల్యాణమండపాలకి, విత్తనాల షాపులకి. ఒక్కొక్కరికీ మొదటినుంచీ కట్టుకుంటూ కూర్చునే ఓపిక ఎవడికుంది? సొంతంగా ఒక మూస రాసుకున్నాను. రంగు మార్చి, పేరు మార్చి, అందరికీ అదే ఇచ్చేవాణ్ణి. కంప్యూటర్ చదువు లేనివాళ్ళు కూడా తమ వార్తలు, ఫోటోలు తామే ఎక్కించుకోవచ్చు. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు దాన్ని. హైదరాబాదు కంపెనీల వాళ్ళు ఎవరో చేసింది తెచ్చి అమ్ముతారు, నేను నా చేత్తో రాశాను అని ఎక్కడికెళ్ళినా ఒకటే గొప్ప. ఆ గొప్పే నా కొంప ముంచాలి. ముంచలేదు. ఇంకొకరి కొంప ముంచింది.

జగ్గయ్యపేటలో వెంకట్రామయ్య గారని పెద్ద వ్యాపారి. పేరు మార్చాను లెండి, ఇందులో అందరి పేర్లూ మార్చాను. మిర్చి, అపరాలు, రెండు గోడౌన్లు. డబ్బుకి లోటు లేదు, ఊళ్ళో నలుగురి నోళ్ళలో నానాలని సరదా. ఊరి కబుర్లకి ఒక వెబ్‌సైటు పెట్టించారు నా చేత. కరెంటు పోయే వేళలు, మార్కెట్లో ఆ రోజు రేట్లు, పుట్టినరోజు శుభాకాంక్షలు, సంతాపాలు. వార్తల్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు. శుభాకాంక్షలూ సంతాపాలూ మాత్రం చుట్టుపక్కల నాలుగు మండలాల వాళ్ళూ చూసేవాళ్ళు. ఎవరు పోయారో తెలుసుకోవడానికి పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఆ పేజీ తెరిచేవాళ్ళని నేనెరుగుదును.

మా వైపు సంగతి మీకు తెలుసుగా. పిల్లాడికి ఏడాది నిండితే సెంటర్లో ఫ్లెక్సీ. ముసలాయన పోతే సెంటర్లో ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో ఉన్న దర్జా సైట్లో లేదని వెంకట్రామయ్య గారికి ఒకటే దిగులు. "అక్షరాలు పరిగెత్తాలి అబ్బాయ్. రంగులు మారాలి. ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పెట్టుకోవాలి. సంతాపమైనా సరే, కళ ఉండద్దా?" అన్నారు. జనం అప్పటికే ఎక్కడెక్కడినుంచో పరిగెత్తే అక్షరాలు, మెరిసే దీపాలు కాపీ చేసి తెచ్చి మా పెట్టెలో అతికించేవాళ్ళు. నా సైటు వాటిని తీసిపారేసేది. "మీ సైటు నా పువ్వులు మింగేసింది" అని రోజూ ఫోన్లు.

ఎందుకు తీసిపారేసేదో చెబుతాను. చదివేవాళ్ళు రాసే పెట్టె ఏ సైట్లో ఉన్నా, వాళ్ళు రాసింది వట్టి అక్షరాలుగానే తెర మీదికి రావాలి. కానీ అక్షరాల మధ్య కంప్యూటర్‌కి పనులు కూడా పురమాయించవచ్చు. వాటిని ఏరెయ్యడానికి ఒక వడపోత ఉంటుంది. అది లేకపోతే ఎవడో పురమాయించిన పని, ఆ పేజీ తెరిచిన మనిషి కంప్యూటర్లో, ఆ మనిషి పేరు మీదే జరిగిపోతుంది. దీన్ని క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు. పాత జబ్బు. ఈ పనిలోకి వచ్చినవాళ్ళందరికీ మొదట్లోనే చెబుతారు. నాకూ తెలుసు. రంగుల్నీ కదిలే అక్షరాల్నీ మాత్రం లోపలికి వదిలి మిగతావి ఆపేలా రాయాలంటే రెండు రోజుల పని. నేను రెండు నిమిషాల్లో చేశాను. వడపోత మొత్తం తీసేశాను. జగ్గయ్యపేట సంతాపాల పేజీ మీద దండెత్తే మొనగాడు ఎవడున్నాడులే అనుకున్నాను. అక్షరాలు పరిగెత్తాయి. వెంకట్రామయ్య గారు మురిసిపోయి నాకు స్వీటు పాకెట్ పంపించారు.

ఇక నాగమణి గారి గురించి చెప్పాలి. ఇక్కడికొచ్చేసరికి నా చెయ్యి ఆగుతోంది. ఇప్పటికి రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగొచ్చాను.

వెంకట్రామయ్య గారి ఆఫీసులో సైటు చూసుకునేది ఆవిడ. ముప్ఫై అయిదేళ్ళుంటాయి అప్పటికి. భర్త లారీ మెకానిక్కు. ఇంటర్ తర్వాత టైపు, కంప్యూటరు నేర్చుకుని వచ్చారు. జనం రాసిన ప్రతి సందేశమూ మొదట ఆవిడ దగ్గరికి వెళ్ళేది. ఆవిడ తెరిచి, చదివి, తప్పులు దిద్ది, సరేనంటేనే పేజీలోకి ఎక్కేది. సంతాపమైతే ఇంకా శ్రద్ధ. "పోయినాయన పేరు తప్పు పడితే ఇంకోసారి దిద్దటానికి ఆయన ఉండడు కదండీ" అనేవారు. పొద్దున్నే ఇంట్లో వంట చేసుకుంటూ ఫోనులో కూడా చూసేవారు. అస్తమానం లాగిన్ అడుగుతోందండీ అని ఒకసారి అంటే, ఇక అడగకుండా చేసిపెట్టాను. ఇది నా రెండో ఘనకార్యం.

ఒకరోజు నందిగామ బస్టాండులో ఉన్నాను. ఫోను. నాగమణి గారు. "సార్, ఒక సంతాపం తెరవంగానే తెర మధ్యలో చిన్న డబ్బా వచ్చిందండీ. అందులో ఒకటి అంకె ఉంది, అంతే. ఓకే నొక్కితే పోయింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ వచ్చింది. ఏంటంటారు?"

అదేమిటో నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఎవడో గోడ తట్టి చూస్తున్నాడు. ఎక్కడ గుల్లగా ఉందో వెతుకుతున్నాడు. లోపలికి వచ్చే ముందు ఎవడైనా మొదట చేసే పని అదే. తెలిసి ఏమన్నాను? "మీ సిస్టంలో వైరస్ ఉన్నట్టుందండీ. కనపడ్డవన్నీ నొక్కమాకండి" అన్నాను. విసుగ్గా అన్నాను కూడా. ఆవిడ "అట్టాగేనండీ, సారీ అండీ" అని పెట్టేశారు.

మర్చిపోయాను అని చెబితే మీరు నమ్ముతారేమో. మర్చిపోలేదు. నందిగామలో ఒక కాలేజీ వాళ్ళు పెద్ద పని ఇవ్వబోతున్నారు. వాళ్ళకి చూపించడానికి మూసకి మెరుగులు దిద్దుతున్నాను. ఇది తర్వాత చూద్దాంలే అనుకున్నాను. మూడు వారాలు అలా చూద్దాంలే అనుకుంటూనే ఉన్నాను.

ఈ మధ్యలో ఇంకోటి జరిగింది. వెంకట్రామయ్య గారి అన్నగారు కంచికచర్లలో ఉంటారు. డెబ్భై దాటినాయన, కోపిష్టి. తన పుట్టినరోజు ఫోటో చిన్నదిగా పడిందని జగ్గయ్యపేట ఆఫీసుకి వచ్చి నాగమణి గారిని గుమస్తాలందరి ముందూ నానా మాటలూ అన్నారట. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఈసారి మీ ఫోటో పేజీ నిండా వేస్తాలెండి" అన్నారట. అందరూ విన్నారు.

వారం తిరక్కుండానే, ఒక ఉదయం, ఆ అన్నగారు స్వర్గస్థులైనట్టు సైట్లో పడింది. పేజీ నిండా ఫోటో. చుట్టూ పరిగెత్తే పువ్వులు. అంత్యక్రియలు ఎన్నింటికో కూడా రాసి ఉంది.

నేను ఇడ్లీ తింటున్నాను. ఫోను మోగింది. ఆ తర్వాత మోగుతూనే ఉంది.

కంచికచర్లలో ఆయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారట. బస్సులు దిగి దండలు పట్టుకుని వచ్చినవాళ్ళు ఆయన్ని చూసి గుమ్మం ముందే బిగుసుకుపోయారట. చేతిలో దండలు ఏం చేయాలో తెలియక ఒకాయన అక్కడున్న మోటారుసైకిలు హ్యాండిలుకి తగిలించాడట. ఇక్కడిదాకా చెప్పుకుని నవ్వుకోవచ్చు. చాలామంది నవ్వుకున్నారు కూడా. కానీ ఆయన భార్య ఆ రోజు చందర్లపాడులో పుట్టింట్లో ఉంది. పక్కింటావిడ ఫోనులో చూసి ఏడ్చుకుంటూ వచ్చి, "ఎంత పనయిపోయిందమ్మా" అంది. ఆ పెద్దావిడ పరిగెత్తబోయి మెట్ల మీదినుంచి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ప్రాణం పోలేదు. కానీ ఆ తర్వాత ఆవిడ కర్ర లేకుండా నడవలేదు.

జగ్గయ్యపేట బయల్దేరే ముందు నేను సైటు తెరిచి చూశాను. ఎవరు ఎప్పుడు ఎక్కడినుంచి వచ్చారో సర్వర్ రాసి పెట్టుకుంటుంది. నాగమణి గారి లాగిన్ ఆ ఉదయం ఒకే నిమిషంలో రెండు చోట్ల ఉంది. ఒకటి జగ్గయ్యపేట, ఆవిడ ఫోను. ఇంకొకటి ఎక్కడో, ఎవరిదో. ముందు రోజు వచ్చిన సంతాపాల్లో ఒకటి తెరిచాను. పైకి రెండు లైన్లు, "వారి ఆత్మకు శాంతి కలగాలి" అని. ఆ రెండు లైన్ల వెనక దాగి ఉంది పురమాయింపు.

లాగిన్ అయిన మనిషికి సైటు కంటికి కనపడని ఒక టోకెను ఇస్తుంది. పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో చెప్పులు వదిలినచోట ఇస్తారే, అలాంటిది. టోకెను ఎవరు తెస్తే చెప్పులు వాళ్ళవే, మొహం ఎవరూ చూడరు. ఆ సంతాపం చేసిన పనల్లా, దాన్ని తెరిచిన మనిషి టోకెను తీసుకెళ్ళి ఎవడికో అప్పగించడం. దాన్ని తెరిచింది నాగమణి గారు. తెరవడం ఆవిడ ఉద్యోగం. అచ్చుతప్పులు లేకుండా చూద్దామని తెరిచారు.

నా చేతులు మాత్రం చకచకా పనిచేశాయి. నేను చేసినవి వరసగా చెబుతాను, ఒక్కటీ దాచను. మొదట వడపోత తిరిగి పెట్టాను. తర్వాత ఆ సంతాపాన్ని చెరిపేశాను. తర్వాత ఆ రెండో చోటు వివరం ఉన్న చిట్టా మొత్తం చెరిపేశాను. తర్వాత ఇదే మూస మీద నడిచే మిగతా సైట్లన్నిటికీ అదే మరమ్మతు చేసి, కొత్త అప్‌డేట్ అని అందరికీ మెసేజ్ పెట్టాను. మిగిలిన ఇడ్లీ అక్కడే ఉంది. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, బస్సెక్కాను.

ఎవడు చేశాడో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకునే దారి ఒక్కటే ఉండేది. దాన్ని నా చేతులతో నేనే మూసేశాను.

వెంకట్రామయ్య గారు నన్ను గోడౌన్‌లోకి తీసుకెళ్ళారు. మిర్చి ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. మేమిద్దరమే ఉన్నాం. ఆ మాటలు ఇలాగే జరిగాయి, ఒక్క అక్షరం మార్చడం లేదు.

"అబ్బాయ్, సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. బయటోళ్ళెవరన్నా దీంట్లోకి రాగలరా?"

"రాలేరండి."

"ఖాయమేనా? ఆడకూతురు. ఊరికినే నింద వేసామంటే పాపం చుట్టుకుంటది."

"ఖాయమేనండి. లాగిన్ ఆవిడదే."

ఆయన అడిగారు చూడండి. నా నోటినుంచి నిజం రావడానికి రెండోసారి కూడా చోటిచ్చారు. అంత కోపంలోనూ ఆ మిర్చి వ్యాపారికి పాపం గుర్తొచ్చింది. నాకు గుర్తొచ్చింది కాలేజీ. నా మూసలో సందు ఉందని ఇక్కడ తెలిస్తే సాయంత్రానికల్లా నందిగామలో తెలుస్తుంది. ఆ పని పోతుంది. ఉన్న సైట్లూ ఒక్కొక్కటే పోతాయి. నా చేత్తో రాశాను అన్న గొప్ప పోతుంది. భయం వల్ల అన్నానా? భయమే అయితే క్షమించుకునేవాణ్ణేమో. ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా అడుగున ఇంకోటి కనపడుతుంది. ఆవిడ మాటకి ఎలాగూ విలువ ఉండదని నాకు తెలుసు. నేను ఇంజనీరుని. ఆవిడ ఇంటర్ చదివి టైపు కొట్టే మనిషి. మా ఇద్దరి మాటల్లో ఎవరి మాట నెగ్గుతుందో నేను ముందే లెక్క వేసుకున్నాను. ఛీ.

తర్వాత అందరి ముందూ ఆవిడని పిలిపించారు. ఆవిడ తన పొడుగు నోట్‌బుక్కు పట్టుకుని వచ్చారు. ఏ రోజు ఏ సందేశం తెరిచిందీ అందులో రాసి పెట్టుకునేవారు. "నేను చెయ్యలేదండీ. మూడు వారాల క్రితం ఒక డబ్బా వచ్చింది, సార్‌కి అప్పుడే చెప్పా, ఇదుగో రాసుకున్నా చూడండి" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. తడుముకోకుండా చెప్పాను. "అది వైరస్ అండి. దానికీ దీనికీ సంబంధం లేదు." ఆవిడ తల ఊపారు. నేను చెప్పాను కాబట్టి నిజమేననుకున్నారు. నోట్‌బుక్కు మూసేశారు. ఆ మూసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

పోలీసు కేసు పెడతానని కంచికచర్ల ఆయన పట్టుబట్టారు. నాగమణి గారి భర్త వచ్చి, చేతికి అంటిన గ్రీజు తుడుచుకోకుండానే అందరికీ దండాలు పెట్టాడు. చివరికి పెద్దమనుషులు ఒక దారి చెప్పారు. తప్పు చేశానని కాగితం మీద ఒప్పుకుని సంతకం పెట్టి, ఉద్యోగం మానేసి వెళ్ళిపోవాలి. కేసు ఉండదు.

ఆ కాగితం ఎవరు టైపు చేశారనుకుంటున్నారు? ఆ ఆఫీసులో తెలుగు టైపు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆవిడ, నేను.

ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆవిడ కీబోర్డు మీద, ఆవిడ చేయని తప్పుకి ఆవిడ ఒప్పుకోలు నేను రాశాను. వెంకట్రామయ్య గారు చెబుతున్నారు. "కక్షతో కావాలని చేశాను" అని చెప్పారు. నేను ఆగాను. "కావాలని వద్దండి, పొరపాటున అని పెడదాం. పిల్లలున్నారు పాపం" అన్నాను. గదిలో ఉన్నవాళ్ళందరికీ నా మంచితనం నచ్చింది. ఒకాయన భుజం తట్టాడు. నాగమణి గారు తలెత్తి నన్ను చూశారు. ఆ చూపులో ఉన్నదేమిటో ఆ రోజు నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి ఇష్టపడలేదేమో.

ఆవిడ సంతకం పెట్టారు. తేలు కుట్టిన దొంగలా నేను పక్కనే నిలబడ్డాను.

కాలేజీ పని వచ్చింది. దాని వెంట ఇంకో నాలుగు వచ్చాయి. ఏసీ పెట్టించాను. ఈ మధ్య కాలేజీల వాళ్ళు సైబర్ భద్రత మీద మాట్లాడమని నన్నే పిలుస్తున్నారు, వినండి ఈ విడ్డూరం. స్టేజీ ఎక్కి, బయటివాళ్ళు రాసింది దేన్నీ నమ్మకండి, వడపోత లేకుండా తెర మీదికి తేకండి అని చెబుతాను. చప్పట్లు కొడతారు. శాలువా కప్పుతారు. ఇంటికొచ్చి ఆ శాలువాలు బీరువాలో అడుగున పెడతాను. మా ఆవిడ, బయట పెట్టుకోకుండా అవి అక్కడెందుకు కుక్కుతారండీ అంటుంది. ఏం చెప్పను?

ఇన్నాళ్ళూ ఎలాగో దొర్లిపోయింది. ఆవిడ ఎక్కడో బాగానే ఉండి ఉంటారు, ఇంకో పని దొరికి ఉంటుంది, ఊళ్ళో అందరూ మర్చిపోయి ఉంటారు అని నాకు నేనే జోకొట్టుకునేవాణ్ణి. పోయిన నెల దాకా.

పోయిన నెల విజయవాడ వెళ్తూ కంచికచర్లలో దిగాను, అక్కడ ఒకరిని కలవాల్సి ఉండి. ఆధార్ జిరాక్స్ కావాల్సి వచ్చి హైవే పక్కనే ఒక ఫ్లెక్సీ, డీటీపీ షాపులోకి వెళ్ళాను. కంప్యూటర్ ముందు కూర్చున్నావిడ తలెత్తారు. నాగమణి గారు. జుట్టు ముందువైపు నెరిసింది. తెర మీద ఎవరిదో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ సగం తయారై ఉంది.

వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. ఈలోపే ఆవిడ లేచి నిలబడ్డారు. "సార్! మీరా! కూర్చోండి సార్, టీ చెప్తా" అని కుర్చీ తుడిచి వేశారు.

టీ వచ్చింది. జగ్గయ్యపేటలో ఇక ఎవరూ పని ఇవ్వలేదట. ఒక స్కూల్లో గుమస్తా ఉద్యోగం చివరిదాకా వచ్చి, ఎవరో ఆ కాగితం సంగతి చెబితే పోయిందట. అందుకని రోజూ బస్సులో ఇంత దూరం వస్తున్నారు. ఇవన్నీ ఏడుస్తూ చెప్పలేదు. ఫ్లెక్సీలో పేరు చుట్టూ గీత సరిచేసుకుంటూ చెప్పారు. ఆ తర్వాత మౌసు వదిలేసి నా వైపు తిరిగారు.

"ఆ రోజు అంతమందిలో మీరొక్కరే నా తరఫున మాట్లాడారండీ. కావాలని అన్న మాట తీయించారు. మా ఇంట్లో మిమ్మల్ని ఇప్పటికీ తల్చుకుంటాం."

నేను టీ గ్లాసులోకి చూస్తున్నాను.

"ఒక్కటి అడుగుతానండీ, ఏమనుకోమాకండి. నా లాగిన్‌లోంచి అది ఎట్టా వెళ్ళిందంటారు? నేనైతే చెయ్యలేదు. కానీ ఒక్కోసారి నాకే అనుమానం వస్తది. మీరు అప్పుడే చెప్పారు కదా, కనపడ్డవన్నీ నొక్కమాకండి అని. నేనే తెలీక ఏదో నొక్కి ఉంటా. నా వల్లే ఆ పెద్దావిడ కాలు పోయిందేమో అని. రోజూ అదే. బస్సులో కూర్చుంటే అదే. ఏం నొక్కానో తెలిస్తే కనీసం మనసు కుదుటపడేది."

ఇంకేం కావాలి మనిషికి? ఆవిడ నన్ను నిందించడం లేదు. ఉద్యోగం అడగడం లేదు. ఆరేళ్ళుగా తన వేళ్ళని తను అనుమానిస్తూ బతుకుతున్న మనిషి, నువ్వు కాదమ్మా అని ఒక్క ముక్క చెప్పమని అడుగుతోంది. షాపులో మేమిద్దరమే ఉన్నాం. వెంకట్రామయ్య గారు లేరు. కాలేజీ లేదు. బెదిరించేవాడు లేడు. నేను నోరు తెరిచాను.

"ఏమోనండీ. అప్పుడే అంతు పట్టలేదు. ఇప్పుడేం చెప్పగలం?" అన్నాను.

"అంతేలెండి" అన్నారావిడ. జిరాక్స్ తీసిచ్చారు. డబ్బులు తీసుకోలేదు.

రోడ్డు మీదికొచ్చి బస్సెక్కాను. పరిటాల దగ్గర రోడ్డు పక్కన ఆంజనేయస్వామి పెద్ద విగ్రహం కనపడగానే బస్సులో అందరూ దండం పెట్టుకున్నారు. నా చేతులు లేవలేదు. జేబులో ఆ జిరాక్స్ కాగితం, నా ఫోటో, నా పేరు, నా ఊరు, అన్నీ స్పష్టంగా. మొదటిసారి భయపడి అబద్ధమాడాను అనుకున్నా, రెండోసారి దేనికి ఆడాను? ఆవిడ కళ్ళలో ఉన్న ఆ మంచివాణ్ణి పోగొట్టుకోలేక. ఈ లోకంలో నన్ను నిజంగా గౌరవించే మనిషి ఆవిడొక్కరే అని నాకు అప్పుడు తెలిసింది. ఆ గౌరవం కోసం ఆవిడని ఇంకోసారి ముంచాను.

క్షమాపణ అడగడం లేదు. మీరెవరు ఇవ్వడానికి? ఇవ్వాల్సినవాళ్ళలో ఒకరు కర్ర పట్టుకుని నడుస్తున్నారు, ఇంకొకరు రోజూ పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కుతున్నారు. వాళ్ళు ఇవ్వరు. ఇస్తే నేను తట్టుకోలేను. ఇది రాసినంత మాత్రాన ఆ కాగితం మీద సంతకం చెరిగిపోదు, నెరిసిన జుట్టు నల్లబడదు. అయినా రాస్తుంటే ఊపిరి ఆడుతోంది, ఎందుకో. సిగ్గు లేకుండా ఆ మాట కూడా చెబుతున్నాను.

ఇది అచ్చులో ఆవిడ కంటబడుతుందో లేదో తెలియదు. ఏదొచ్చినా ప్రతి అక్షరమూ చదివే మనిషి. కంటబడితే పేర్లు మార్చినా ఆవిడకి తెలిసిపోతుంది. ఆ డబ్బా సంగతి, అందులో ఒకటి అంకె సంగతి, ఆవిడకీ నాకూ తప్ప ఎవరికి పట్టింది? అప్పుడు నేనెవరో తెలుస్తుంది. తెలియనీ.

బయటివాళ్ళు రాగలరా అని వెంకట్రామయ్య గారు అడిగారు. రాగలరండి. వచ్చారు. వాళ్ళు వచ్చిన సందు పెట్టింది నేను, తర్వాత వాళ్ళ అడుగులు చెరిపింది నేను.

మీరేమీ నొక్కలేదమ్మా. మీ పని మీరు చేశారు, అంతే.